పంతొమ్మిది పలక ముక్కలు

ముప్ఫయ్యారేళ్ళు ఇంగ్లీషు టీచరుగా పనిచేశాను. రిటైరై రెండేళ్ళయింది. ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన నలుగురు టీచర్లు మా ఇంటికొచ్చి, పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటల్ని ముక్కలు చేసి చదివించే పద్ధతి గురించి రాసిపెట్టమని అడిగారు. ఆ పద్ధతికి నాకు ఈ పడమటి మండలాల్లో కొంచెం పేరుంది. మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా పాత టీచర్లను ఎవరిని అడిగినా "ముక్కల సారు" అంటే నన్నే చూపిస్తారు. ఒకప్పుడు ఆ పేరు వింటే పొంగిపోయేవాణ్ణి. ఇప్పుడెవరైనా అలా పిలిస్తే వినపడనట్టు తల తిప్పుకుంటాను. ఎందుకో చెప్పకుండా పద్ధతి మాత్రం రాసివ్వడం నాకు చేతకాలేదు.

ఎప్పుడు ఏ బడికి మారాను, ఎన్ని ఇంక్రిమెంట్లు వచ్చాయి అన్నవి ఇందులో ఉండవు. వాటి వల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు.

భయం

మాది కొనకనమిట్ల మండలంలో ఒక చిన్న ఊరు. నాయన గొర్రెలు కాసేవాడు. ఇంట్లో పుస్తకం పట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆరో తరగతిలో ఇంగ్లీషు మొదలైంది. మూడు నాలుగు అక్షరాల మాటలు ఎలాగో గట్టెక్కించాను గానీ, పది అక్షరాల మాట కనపడితే నోరెండిపోయేది.

తెలుగులో ఎంత పొడుగు మాటైనా అక్షరం వెంట అక్షరం పలుక్కుంటూ పోతే చివరికి చేరతాం. ఒక్కో అక్షరానికి ఒక్కో పలుకు. ఇంగ్లీషులో చాలాసార్లు రెండు మూడు అక్షరాలు కలిస్తే గానీ ఒక పలుకు రాదు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ కలపాలో చూడగానే తెలియదు. ఈ తేడా నాకు బడిలో ఎవరూ చెప్పలేదు. మొదటి అక్షరం చూసి, చివరి అక్షరం చూసి, మధ్యలో ఏదో గొణిగేసేవాణ్ణి. డిగ్రీ అలాగే అయింది, బీఈడీ అలాగే అయింది. టీచరునయ్యాక పాఠంలో పెద్ద మాట వస్తే, చురుకైన పిల్లవాణ్ణి లేపి "నువ్వు చదవరా" అనేవాణ్ణి. వాడు ఎలా చదివితే అదే కరెక్టు. నవ్వొస్తుంది గానీ, మొదటి ఏడాది నా ఉద్యోగం అట్లాగే గడిచింది.

రెండు కోతలు

నా మొదటి బడి చంద్రశేఖరపురం మండలంలో. అక్కడి హెడ్మాస్టరు వెంకటసుబ్బయ్య గారు నోటి దురుసు మనిషి. పంచె ఎగగట్టి వరండాల్లో తిరుగుతూ ఏ కిటికీ దగ్గర ఆగుతారో తెలిసేది కాదు. ఒకరోజు నేను ఒక పిల్లవాణ్ణి చదవలేదని కొడుతుంటే కిటికీలోంచి చూశారు. ఇంటర్వెల్లో పిలిపించారు.

ఆ వారమే బడి పక్క తోటలో బోరు వేసి మోటారు దింపుతున్నారు. మోటారు వచ్చిన అట్టపెట్టె ఆయన గదిలో పడి ఉంది. దాని మీద "సబ్‌మెర్సిబుల్" అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు. చదవమన్నారు. మధ్యలో తడబడ్డాను. ఆయన తిట్టలేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నెమ్మదిగా పలకమన్నారు. దవడ ఎన్నిసార్లు కిందికి దిగితే అన్ని పలుకులు. నాలుగుసార్లు దిగింది. పెన్సిలుతో పెట్టె మీదనే మూడు గీతలు గీసి ఆ మాటను నాలుగు ముక్కలు చేశారు. అప్పటిదాకా గోడలా కనిపించిన మాట నా కళ్ళ ముందే విడిపోయింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం పెళ్ళినాడు కూడా కలగలేదు. మా ఆవిడకు ఈ సంగతి తెలుసు.

ఆయన అక్కడితో ఆగలేదు. రబ్బరుతో ఆ గీతలు చెరిపి, మళ్ళీ వేరే చోట గీశారు. ఈసారి మూడే ముక్కలు. సబ్ అంటే కింద, మధ్య ముక్కకు అర్థం మునగడం, చివరి ముక్క అంటే వీలయ్యేది. నీళ్ళ కింద మునిగి ఉండటానికి వీలైనది.

"ముందు కోసింది నోటికయ్యా. ఇప్పుడు కోసింది బుర్రకు. మొదటిది నేర్పి రెండోది ఎగ్గొట్టినావంటే పిల్లోడు అన్నీ చదువుతాడు, ఏమీ తెలుసుకోడు. ఆ పాపం నీదే అయితది."

నేను తల ఊపాను. ఊపి, మొదటి కోత పట్టుకుని రెండోది వదిలేశాను. కావాలని కాదు. మొదటిది వారంలో ఫలితం చూపిస్తుంది. నోరు మెదపని పిల్లలు గడగడా చదువుతారు, తల్లిదండ్రులు దండం పెడతారు, పై ఆఫీసర్లు భుజం తడతారు. రెండోదానికి టీచరు రోజూ డిక్షనరీ ముందేసుకుని కూర్చోవాలి, పిల్లలతో ఓపిగ్గా మాట్లాడాలి. దాని ఫలితం ఏడాదికి గానీ కనపడదు, కనపడినా ఎవరూ మెచ్చుకోరు. నాకు మెప్పు కావాలి. గొర్రెల కాపరి కొడుకు ఇంగ్లీషు టీచరై మెప్పు పొందడమంటే అప్పట్లో నాకు చిన్న సంగతి కాదు.

గీత నాది, దెబ్బ వాడిది

ఇంకో తప్పు కూడా చెప్పాలి. రెండు హల్లులు పక్కపక్కన వస్తే మధ్యలో గీత గీయమని నేర్పేవాణ్ణి. విండో, బాస్కెట్, మార్కెట్ లాంటి మాటలు చక్కగా విడిపోతాయి. దాన్ని శాసనం చేసి కూర్చున్నాను. బాలయ్య అని ఒక పిల్లవాడు బోర్డు దగ్గరకొచ్చి, "ఫాదర్" అనే మాటలో నేను చెప్పినట్టే రెండు హల్లుల మధ్య గీత గీసి "ఫ్యాట్-హర్" అని చదివాడు. క్లాసంతా గొల్లుమన్నది. నేనూ నవ్వాను. నవ్వి, ఎగతాళి చేస్తున్నాడేమో అనుకుని రెండు తగిలించాను.

వాడు నా మాట తు.చ. తప్పకుండా పాటించాడు. టీ, హెచ్ లాంటి విడగొట్టకూడని జంటలు కొన్ని ఉంటాయని చెప్పనివాణ్ణి నేను. ఆ తర్వాత బాలయ్య క్లాసులో నోరు విప్పలేదు. దసరా సెలవుల తర్వాత రాలేదు. మేకల వెంట పోతున్నాడని పిల్లలు చెప్పారు. వాళ్ళింటికి వెళ్ళి పిలుచుకొద్దామని రెండు మూడుసార్లు అనుకున్నాను. వెళ్ళలేదు. మీ క్లాసులో ఎవడైనా మీరు చెప్పింది చెప్పినట్టు చేసి తప్పు చదివితే, ముందు మీరు చెప్పినదాన్ని చూసుకోండి. నేను చూసుకునేసరికి బాలయ్య బడి వదిలి ఏడాదయింది.

పలకల ఊరు

ఇరవై రెండేళ్ళు తిరిగాక మార్కాపురం దగ్గర ఒక ఊరికి వచ్చాను. చుట్టూ పలకల గనులు. పిల్లలు అక్షరాలు దిద్దే పలకలు అక్కడి రాతి నుంచే తయారవుతాయి. బడికి కూతవేటు దూరంలో పలకలు కోసే షెడ్డు ఒకటుండేది. అందులో మిషన్లు తిరుగుతుంటే క్లాసులో గొంతు పెంచి చెప్పాల్సి వచ్చేది. కిటికీలు మూసినా బల్లల మీద బూడిద రంగు దుమ్ము పేరుకునేది. వేలితో దాని మీద పిల్లలు ఇంగ్లీషు అక్షరాలు రాసేవాళ్ళు. నేను చూసి మురిసిపోయేవాణ్ణి.

ఆ షెడ్డులో పనిచేసే దావీదు కూతురు ఎస్తేరు నా దగ్గర ఎనిమిదో తరగతి చదివేది. సన్నటి పిల్ల. రెండు జడలు, నూనె పెట్టిన తల, అడిగితే తప్ప మాట్లాడదు. కానీ మాటల్ని విడగొట్టడంలో ఆ పిల్లకున్న చురుకు నా సర్వీసులో ఇంకెవరిలోనూ చూడలేదు. పెన్సిలు అక్కర్లేదు. చూపుతోనే కోసేది.

ఒకరోజు ఎస్తేరును ఇంటి దగ్గర దింపి వస్తూ, షెడ్డులో దావీదు పని చేస్తుంటే నిలబడి చూశాను. రాతి దిమ్మె అంచున పల్చటి ఉలి ఆనించి సుత్తితో మెల్లగా తట్టాడు. దిమ్మె రెండు పొరలుగా విచ్చుకుంది. ఎక్కడ కొట్టాలో ఎలా తెలుస్తుందని అడిగాను.

"రాయే చెప్తది సారూ. పొర యాడుందో చూసుకోని తడితే దానంతట అదే ఇడిపోతది. మనం బలవంతం చేస్తే పగిలిపోతది."

మర్నాడు క్లాసులో అదే చెప్పాను. మాట కూడా రాయిలాంటిదే, పొర చూసుకుని విడగొట్టాలి అని. అది మొదలు దావీదుకూ నాకూ స్నేహం కుదిరింది. విరిగిపోయిన పలక ముక్కలు గోనె సంచిలో వేసి బడికి తెచ్చి ఇచ్చేవాడు. ఒక్కో ముక్క మీద ఒక్కో పలుకు రాయించి, పిల్లల చేత వరసలో పేర్పించి చదివించేవాణ్ణి. "ముక్కల సారు" అనే పేరు అప్పుడు వచ్చిందే. దావీదు సంచి దించి గోడకు ఆనుకుని దగ్గేవాడు. చాలాసేపు దగ్గేవాడు. నలభై ఏళ్ళ మనిషి, మూడు మెట్లెక్కితే ఆయాసపడేవాడు. ఆ షెడ్డులో చాలామంది అలాగే ఉండేవాళ్ళు. బీడీల వల్ల అనేవాళ్ళు కొందరు, టీబీ అనేవాళ్ళు కొందరు. మాస్కు గానీ, నీళ్ళు చల్లి కోయడం గానీ అక్కడ నేను చూడలేదు.

ఆ మాట

ఆ ఏడు బడి వార్షికోత్సవానికి ఒంగోలు నుంచి ఒక పెద్ద ఆఫీసరు వస్తున్నారని కబురొచ్చింది. ఇంగ్లీషులో ఏదైనా ప్రదర్శన కావాలన్నారు. ఇంగ్లీషు డిక్షనరీలో అన్నిటికంటే పొడుగైన మాట ఎస్తేరు చేత చదివిద్దామని నాకు ఆలోచన వచ్చింది. నలభై అయిదు అక్షరాల మాట అది. చాలామంది టీచర్లే చదవలేరు.

పెద్ద డిక్షనరీ తెప్పించి వెతికాను. న్యూమోనో అని మొదలై కోనియోసిస్ అని ముగుస్తుంది. మధ్యలో సిలికో అని ఒక ముక్క. పలుకులు లెక్కపెడితే పంతొమ్మిది. కాగితం మీద పంతొమ్మిది ముక్కలు రాసుకున్నాను. దాని పక్కనే అర్థం ఉంది. సన్నటి రాతి దుమ్ము పీల్చడం వల్ల ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు అని.

చదివాను. పూర్తిగా చదివాను. ఆ నిమిషంలో కిటికీ అవతల మిషను తిరుగుతూనే ఉంది, దావీదు దగ్గు నాకు గుర్తుకొచ్చింది కూడా. తర్వాత చాలామందికి, ముఖ్యంగా నాకు నేనే, వేరే రకంగా చెప్పుకున్నాను కాబట్టి ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తున్నాను. గుర్తుకొచ్చింది. డిక్షనరీ మూసేశాను.

నేను డాక్టర్ని కాదు గదా అనుకున్నాను. చెప్తే ఆయన పని మానేసి ఏం తింటాడు అనుకున్నాను. ఇవన్నీ పైపై మాటలు. అది తన జబ్బు పేరని తెలిస్తే ఏ తండ్రీ తన బిడ్డ చేత దాన్ని స్టేజీ మీద చదివించడు. ప్రదర్శన ఆగిపోతుంది. అసలు కారణం అదే. ఇది రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

అంతటితో ఊరుకున్నానా అంటే లేదు. విరిగిన ముక్కలు బాగుండవని, ఒకే కొలతలో పంతొమ్మిది పలక ముక్కలు కోసి అంచులు నున్నగా చేసి ఇవ్వమని దావీదునే అడిగాను. పని అయిపోయాక, తన సొంత టైములో, మిషను మీద రెండు సాయంత్రాలు కూర్చుని కోసి తెచ్చాడు. కనుబొమల దాకా దుమ్ము. ముక్కలు బల్ల మీద పేర్చాడు. ఎస్తేరు వాటి మీద సుద్దతో పలుకులు రాస్తుంటే చూసి అడిగాడు.

"ఇంత పెద్ద మాటకు అర్థం ఏంది సారూ?"

"అర్థమేం లేదులే దావీదూ. ఊరికే పొడుగు మాట."

ఆయన నవ్వాడు. అర్థం లేని మాటకు ఇన్ని ముక్కలా అన్నాడు. ఆ నవ్వు మధ్యలో దగ్గొచ్చి, తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళాడు.

వార్షికోత్సవం రోజు ఎస్తేరు తెల్ల గౌను వేసుకుని వచ్చింది. వాళ్ళు చర్చికి వేసుకునే గౌను అది. పంతొమ్మిది ముక్కలు ఒక్కొక్కటి బల్ల మీద నిలబెడుతూ, ఒక్కో పలుకూ పలికి, చివరికి మొత్తం మాట ఒక్క ఊపులో చదివింది. చప్పట్లు ఆగలేదు. దావీదు ముందు వరసలో పట్టా మీద కూర్చుని ఉన్నాడు. బిడ్డ చదివినంతసేపూ దగ్గు రాకుండా తువ్వాలు పళ్ళ మధ్య పెట్టి కరిచి పట్టుకున్నాడు. నేను స్టేజీ పక్క నుంచి చూశాను. కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి. దగ్గు ఆపుకోవడం వల్లనో, సంతోషం వల్లనో చెప్పలేను. ఆఫీసరు నాకు శాలువా కప్పారు. మారుమూల పల్లెలో ఇలాంటి టీచరు ఉండటం జిల్లాకే గర్వకారణం అన్నారు. ఆ మాటకు అర్థం ఏమిటని ఆయన కూడా అడగలేదు.

సభ అయ్యాక దావీదు వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "నా బిడ్డ నోట్లోంచి అంత మాట వచ్చింది సారూ" అన్నాడు.

తర్వాత

రెండేళ్ళకు నాకు గిద్దలూరు బదిలీ అయింది. అప్పటికి ఊళ్ళో మందులిచ్చే ఒకాయన దావీదుకు టీబీ అని తేల్చి, ఆరు నెలలు మాత్రలు మింగించాడు. కొంచెం తేలిక పడగానే దావీదు మళ్ళీ మిషను దగ్గరికి పోయాడు. మళ్ళీ పడ్డాడు, మళ్ళీ మాత్రలు, మళ్ళీ మిషను. ఎస్తేరు పదిలో మండలం ఫస్టు వచ్చింది. ఇంటరు, డిగ్రీ మార్కాపురంలో చదివింది. పండక్కి ఫోన్ చేసేది. నాయన ఎలా ఉన్నాడని నేను అడిగేవాణ్ణి, అట్లనే ఉన్నాడు సార్ అనేది.

డిగ్రీ రెండో ఏడులో ఉండగా ఒక మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా గిద్దలూరు వచ్చింది. నేను స్టాఫ్‌రూములో క్యారియరు విప్పుతున్నాను. ఆ పిల్ల చేతిలో ప్లాస్టిక్ కవరు. రెండు రోజుల కింద వాళ్ళ నాయనను కర్నూలు తీసుకుపోయి పెద్ద డాక్టరుకు చూపించిందట. టీబీ కాదన్నారట. కవరులోంచి కాగితం తీసి నా ముందు పెట్టింది. సిలికోసిస్ అని టైపు చేసి ఉంది. దాని మీద పెన్సిలుతో సన్నగా మూడు గీతలు. పిల్ల చిన్నప్పటి అలవాటు ప్రకారం విడగొట్టుకుంది.

"ఈ ముక్కలు ఆ మాటలో ఉన్నయ్యే సార్. నేను లైబ్రరీకి పోయి చూసినాను. అది ఈ జబ్బు పేరే. అప్పుడు మీకు తెలుసా సార్?"

స్టాఫ్‌రూములో ఇంకెవరూ లేరు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు ఎవరూ ఇవ్వబోరు.

"తెలియదమ్మా. పలకడం వరకే చూశాను."

"నేనూ అట్లనే అనుకున్నాను సార్. తెలిస్తే మీరు చెప్పేటోళ్ళు."

నన్ను ఏమాత్రం అనుమానించలేదు. నా క్యారియరులోంచి రెండు ముద్దలు తినమంటే తిని, బస్సు టైమైందని వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది. ఆ రోజు మాత్రం బతికిపోయాననుకున్నాను. ఇంత నీచం ఉంది మనిషిలో.

దావీదు ఎనిమిది నెలలు బతికాడు. చివర్లో పడుకుంటే ఊపిరాడక రాత్రింబవళ్ళు గోడకు దిండు ఆనించుకుని కూర్చునే ఉండేవాడట. సమాధి చేసేటప్పుడు నేను వెళ్ళాను. పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే వెనక నిలబడ్డాను. దావీదు భార్య నన్ను చూసి జనం మధ్యలోంచి వచ్చి, ఈ బిడ్డకు ఇంత చదువు మీ చలవే సారూ అని చేతులు పట్టుకుని ఏడ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు నాకు కుర్చీ వేశారు. కుర్చీలో కూర్చున్నాను. నా జీవితంలో అంత సిగ్గుపడిన రోజు ఇంకొకటి లేదు.

కొత్తగా వచ్చేవాళ్ళకు

పద్ధతి అడిగారు కాబట్టి పద్ధతి చెప్తాను. గడ్డం కింద చెయ్యి పెట్టించండి. అచ్చుల కింద చుక్కలు పెట్టించండి. విడగొట్టకూడని జంటలు ముందే చెప్పండి. అన్, రీ, సబ్ లాంటి ముందు ముక్కలు, లెస్, నెస్, ఇబుల్ లాంటి వెనక ముక్కలు రోజుకు ఒకటి చొప్పున అర్థంతో నేర్పండి, ఒక్కటి కూడా ఎగ్గొట్టకండి. పిల్లల ఇళ్ళలో ఉన్న మాటలే తీసుకోండి. బోరు మోటారు పెట్టె, ఎరువుల సంచి, మందుల అట్ట, ఏదైనా సరే. మీకు అర్థం తెలియని మాటను పిల్లల చేత చదివించకండి. తెలిసిన మాటను, తెలిసి దాచకండి.

వెంకటసుబ్బయ్య గారు నాకు మొదటి బడిలోనే ఇవన్నీ చెప్పారు. ఆయన పోయి చాలా కాలమైంది. బతికున్నా ఆయన ముఖం చూసే ధైర్యం నాకు లేదు.

ఎస్తేరు

మొదట్లో చెప్పిన ఆ నలుగురు టీచర్లలో ఎస్తేరు ఒకతె. ముండ్లమూరు మండలంలో ఒక బడిలో ఇంగ్లీషు టీచరుగా చేరింది. మా ఇంటికి వచ్చినప్పుడు తక్కిన ముగ్గురికీ నన్ను చూపించి, నేనీ ఉద్యోగంలోకి రావడానికి సారే కారణం అని చెప్పింది. వాళ్ళు వెళ్ళాక రాయడానికి కూర్చున్నాను. నాలుగు పేజీలు బాగానే నడిచింది. పలకల ఊరు దాకా వచ్చేసరికి కలం ముందుకు పోలేదు. ఆ పిల్ల ఈ సంగతి అందరితో పాటు కాగితం మీద చదవడం న్యాయం కాదనిపించింది. బస్సెక్కి వాళ్ళ బడికి వెళ్ళాను.

మధ్యాహ్నం ఇంటర్వెల్. వరండాలో కుర్చీ వేసుకుని నోటుబుక్కులు దిద్దుతోంది. నన్ను చూసి లేచి, ఎండలో ఎందుకొచ్చినారు సార్, ఫోన్ చేస్తే నేనే వచ్చేదాన్ని గదా అంటూ తన కుర్చీ నాకిచ్చింది. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. డిక్షనరీలో అర్థం చదివిన సంగతి, వాళ్ళ నాయన దగ్గు గుర్తొచ్చిన సంగతి, ప్రదర్శన ఆగిపోతుందని దాచిన సంగతి, వాళ్ళ నాయన అడిగితే అర్థం లేదని చెప్పిన సంగతి, గిద్దలూరులో తనతో అబద్ధం ఆడిన సంగతి. ఒకటి చెప్పాక తర్వాతది చెప్పడం తేలికవుతుందనుకున్నాను. కాలేదు.

ఎస్తేరు ఎర్ర పెన్నుకు మూత పెట్టింది. పిల్లలు చేతిపంపు దగ్గర పోట్లాడుకుంటుంటే అటే చూస్తూ ఉంది.

"నేనూ నాయనకు చెప్పలేదు సార్. కర్నూలు నుంచి వచ్చేటప్పుడు బస్సులో అడిగినాడు, ఆ కాయితంలో ఏం రాసినారమ్మా అని. ఊపిరితిత్తులు బలహీనమని రాసినారు నాయనా అన్నాను. అప్పటికి ఆ మాట నాకు గుర్తుకొచ్చింది. నేను స్టేజీ మీద చదివింది అదేనని తెలిస్తే ఆయనకు ఇంక ఏం మిగలదు. పోయేదాంక ఎవరొచ్చినా ఆ రోజు సంగతే చెప్పుకుండేటోడు."

నిజం చెప్పాలి. ఆ మాట వినగానే సిగ్గు లేకుండా నాకు కొంచెం ఊరట కలిగింది. నువ్వూ నాలాగే దాచావు గదమ్మా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. నా ముఖం చూసి ఆ పిల్లకు అర్థమైందనుకుంటాను. చిన్నప్పటి నుంచీ నా ముఖం చదవడం దానికి అలవాటే.

"అయితే సార్, నేను చెప్పనప్పటికి ఇంక చేసేదేం లేదు. మీరు చెప్పనప్పుడు నాయన మిషను కాడికి నడిచి పోతన్నాడు. ఆపితే ఆగేటోడు. మీరంటే ఆయనకు అంత గురి."

గొంతు పెంచలేదు. కన్నీళ్ళు కూడా పెట్టుకోలేదు. క్లాసులో ప్రశ్న అడిగితే జవాబు చెప్పినట్టే చెప్పింది.

బెల్లు కొట్టారు. ఎస్తేరు నోటుబుక్కులు చంకన పెట్టుకుని క్లాసులోకి వెళ్ళింది. నన్ను కూర్చోమనలేదు, వెళ్ళిరమ్మనీ అనలేదు.